దారి తప్పిన పిల్లల్ని బాగుచేస్తామనే యూటా ప్రోగ్రామ్‌కి మావాణ్ని పంపమంటున్నారు, శుక్రవారంలోగా అడ్వాన్స్ కట్టాలట. పిల్లల్ని పంపినవాళ్లు, అక్కడ పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఫ్రిస్కో_నాన్న:
మావాడికి 15. పోయినేడాది దాకా రోబోటిక్స్, క్రికెట్ అంటూ తిరిగినవాడే. ఇప్పుడు గంజాయి వేప్ పెన్ను లేనిదే పూట గడవట్లేదు. స్కూల్లో రెండుసార్లు దొరికాడు. పోయిన నెల వాళ్లమ్మ ఫోన్ లాక్కుంటే బాత్రూమ్ తలుపు గుద్దాడు, పిడికిలంత కన్నం పడింది, అది బాగు చేయించడానికి కూడా మనసు రావట్లేదు. ఎడ్యుకేషనల్ కన్సల్టెంట్ అని ఒకావిడకి 4 వేల డాలర్లు కట్టాం, ఆవిడ రెండు జూమ్ కాల్స్ మాట్లాడి తేల్చేసింది: యూటాలో అడవి క్యాంపు 80 రోజులు, రోజుకి 625, అంటే అక్షరాలా 50 వేలు, అది అవ్వగానే ఇంటికి రాకుండా నేరుగా థెరప్యూటిక్ బోర్డింగ్ స్కూల్, అంటే థెరపీ కూడా ఇచ్చే హాస్టల్ స్కూల్, ఏడాది. వాడు రానంటే ట్రాన్స్‌పోర్ట్ మనుషులు తెల్లవారుజామున 4 గంటలకి వచ్చి మంచం మీంచి లేపి తీసుకెళ్తారట, దానికి వేరే బిల్లు. నాది హెచ్1 వీసా, వాడిది దాని మీద వచ్చిన హెచ్4, పోలీసుల్ని పిలవాలన్నా భయమే. మా ఆవిడ వద్దంటోంది, మా అన్నయ్య పంపెయ్‌రా అంటున్నాడు. మూడు రోజులే టైముంది.

తూర్పుగోదారి_ఇన్_ఒహాయో:
శుక్రవారంలోగా అన్నారంటేనే అనుమానించండి. పెళ్లి సంబంధానికి కూడా అంత తొందర పెట్టరు.

ఎడిసన్_అమ్మ:
నేను పంపాను. 2021లో, అప్పుడు మావాడికి 16. 11 నెలలు ఉన్నాడు. పేరు చెప్పను, చెప్తే వాళ్ల లాయర్ల నుంచి ఉత్తరాలు వస్తాయి.

వారానికి ఒక కాల్, 20 నిమిషాలు, థెరపిస్ట్ లైన్లో ఉంటుంది. ఇంగ్లీషులోనే మాట్లాడాలి, అది రూలు. పిల్లాడేం చెబుతున్నాడో స్టాఫ్‌కి అర్థం కావాలి కదా అన్నారు, సరే సబబే అనుకున్నా. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. వాడు ఆవిడ చేతుల మీదే పెరిగాడు. ఆ 11 నెలలూ కాల్ టైముకి ఆవిడ నా పక్కన సోఫాలో కూర్చుని వాడి గొంతు వినేది, అంతే. ఐదో వారం అనుకుంటా, వాడు స్కూలు గురించి ఏదో చెబుతూ చెబుతూ మధ్యలో తెలుగులో "అమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు. లైన్ కట్ అయిపోయింది. సాయంత్రం థెరపిస్ట్ దగ్గర్నుంచి మెయిల్: ఇది మానిప్యులేషన్, మీరు కరిగిపోతే అతను బాగుపడడు, లెవెల్ (నడవడికని బట్టి ఇచ్చే మెట్టు) తగ్గించాం, రెండు వారాలు కాల్స్ ఉండవు. నేను ఆ మెయిల్‌నే నమ్మాను అండీ. మా ఇంట్లో మాంసం వండం, అక్కడ ప్లేటులో పెట్టింది మొత్తం తినకపోతే పాయింట్లు పోతాయి, వాడు రోజూ బ్రెడ్డు, యాపిల్ తిని పాయింట్లు పోగొట్టుకున్నాడని వచ్చాక తెలిసింది. 14 పౌండ్లు తగ్గి వచ్చాడు.

రాత్రిడ్యూటీ:
ఎడిసన్ అమ్మగారూ, మీ అబ్బాయి ఉన్నచోట కాదు గానీ, అలాంటి చోటే నేను 2017 నుంచి 2019 దాకా నైట్ స్టాఫ్‌గా చేశాను, యూటాలోనే. మా ఆవిడ వల్ల గ్రీన్ కార్డు వచ్చిన కొత్త, దొరికిన పని పట్టుకున్నా. ఇంటర్ చదివి 21 నిండి, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఏమీ తేలకపోతే చాలు. ఐదు రోజుల ట్రైనింగ్, అందులో రోజున్నర పిల్లాణ్ని నేలకేసి ఎలా పట్టుకోవాలో. సైకాలజీ ముక్క ఒక పూట, అదీ వీడియో.

రాత్రి 9.30కి అందరి బూట్లూ ఒక ప్లాస్టిక్ లాండ్రీ బుట్టలో వేయించి ఆఫీసులో పెట్టి తాళం వేసేవాళ్లం, పారిపోకుండా. ప్రతి 15 నిమిషాలకీ టార్చి వేసి ఒక్కొక్కడి ఛాతీ కదులుతోందో లేదో చూసి షీటులో టైము, ఇనీషియల్స్ వేయాలి. 18 మంది పిల్లలకి ఇద్దరం. రెండోవాడు సెలవు పెడితే ఒక్కణ్నే. రాత్రి రెండింటికల్లా ఆరు దాకా షీట్ నింపేసి కూర్చునేవాళ్లు చాలామంది. నేనూ నింపాను, దాచడమెందుకు.

2018లో ఒక తెలుగబ్బాయి వచ్చాడు. ఆ పిల్లాడితో తెలుగులో మాట్లాడొద్దని సూపర్‌వైజర్ ముందే చెప్పాడు. రెండో రాత్రి టార్చి వేస్తే మేలుకునే ఉన్నాడు, నా బ్యాడ్జి మీద పేరు చదివి, చాలా మెల్లగా, "అంకుల్, మీరు తెలుగా?" అన్నాడు. గో బ్యాక్ టు బెడ్ అన్నాను.

బెల్వ్యూ_అక్క:
చదువుతుంటే కడుపులో తిప్పుతోంది, కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. మా అమ్మాయి 14 ఏళ్లప్పుడు చేతులు కోసుకునేది. ఆసుపత్రిలో ఆరు రోజులు, ఆ తర్వాత 45 రోజులు రెసిడెన్షియల్, అంటే అక్కడే ఉండి చికిత్స. ఇంటి నుంచి 40 నిమిషాల డ్రైవ్. ప్రతి ఆదివారం వెళ్లేవాళ్లం, పులిహోర తీసుకెళ్తే ఇవ్వనిచ్చారు. ఫ్యామిలీ సెషన్స్‌లో సగం తిట్లు మాకే పడ్డాయి, ముఖ్యంగా మా ఆయనకి, ఆయన మొహం చూడాల్సింది. డీబీటీ అని, కోపం, బాధ ముంచుకొచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఒక్కో మెట్టూ నేర్పిస్తారు. ఇన్సూరెన్స్ మొదట కాదంది, అప్పీల్ చేస్తే ఇచ్చింది. ఇవాళ అది కాలేజీలో ఉంది. ఇంట్లోనే పెట్టుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించలేను.

ఎడిసన్_అమ్మ:
అక్కా, మీది ఆసుపత్రి లాంటిది, పైగా పక్కూళ్లో. ఫ్రిస్కో గారి అబ్బాయిని పంపమంటున్నది ఎక్కడో అడవి క్యాంపుకి. రెండింటికీ పేరు ఒకటే, అక్కడే మనం మోసపోయేది.

పాతకాగితాలు:
కాస్త వెనక్కి వెళ్దాం, ఎందుకంటే ఇది కొత్త వ్యాపారం కాదు. 1958లో కాలిఫోర్నియాలో సినానన్ అని మత్తు మాన్పించే సంఘం మొదలైంది. మనిషిని గుంపు మధ్యలో కూర్చోబెట్టి అందరూ కలిసి దులిపేయడం వాళ్ల వైద్యం. ఆ పద్ధతే తర్వాత పిల్లల స్కూళ్లలోకి పాకింది. 2007లో అమెరికా కాంగ్రెస్ తరఫున పనిచేసే ఆడిట్ సంస్థ గావో (GAO) ఈ ప్రోగ్రాములని తవ్వితే, పిల్లల్ని హింసించారన్న ఆరోపణలు వేలల్లో బయటపడ్డాయి, చనిపోయిన పది మంది పిల్లల కేసులు విడిగా పరిశీలించారు. 2005 ఒక్క ఏడాదిలో 33 రాష్ట్రాల్లో 1,619 మంది స్టాఫ్ ఇలాంటి ఘటనల్లో ఉన్నారని అందులో ఉంది. 2024 ఫిబ్రవరిలో నార్త్ కరోలినాలో అడవి క్యాంపుకి వచ్చిన 12 ఏళ్ల పిల్లాడు మర్నాడు పొద్దుటికే చనిపోయాడు, గుడారం లాంటి చిన్న సంచిలో ఊపిరాడక. మే నెలలో ఆ క్యాంపు లైసెన్సు రద్దు చేశారు.

ప్యారిస్ హిల్టన్ అంటే మనవాళ్లకి హోటళ్లు, కుక్కపిల్లలే గుర్తొస్తాయి కానీ, టీనేజ్‌లో ఆమెని యూటాలో ఒక స్కూల్లో 11 నెలలు ఉంచారు. 2021లో ఆమె యూటా సెనేట్ ముందు సాక్ష్యం చెప్పాక అక్కడ చట్టం మారింది: ఏడాదికి నాలుగుసార్లు తనిఖీ, పిల్లాణ్ని బలవంతంగా పట్టుకుంటే, ఒంటరి గదిలో పెడితే రాష్ట్రానికి తెలియజేయాలి, వారానికొకసారి ఇంట్లోవాళ్లతో గోప్యంగా మాట్లాడనివ్వాలి. ఫ్రిస్కో గారూ, ఆ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మీ ప్రోగ్రామ్ యూటాలోనే కాబట్టి. ఇలాంటి ప్రోగ్రాముల మీద 2024 డిసెంబర్‌లో బైడెన్ సంతకం పెట్టిన కేంద్ర చట్టం గురించి గొప్పగా చెప్తారు గానీ, అది ప్రధానంగా అధ్యయనం చేయించే చట్టం. ఏ ప్రోగ్రామూ దానివల్ల మూతపడదు.

హెచ్1 సంగతి: జువెనైల్ కేసుని ఇమ్మిగ్రేషన్‌లో మామూలుగా శిక్షగా లెక్కపెట్టరు, కానీ మత్తుమందుల వాడకాన్ని విడిగా చూస్తారు, వీసా స్టాంపింగ్‌కి వెళ్తే డాక్టరు దగ్గరకి పంపొచ్చు. కన్సల్టెంట్‌కి కట్టిన దాంట్లో పదోవంతు పెట్టి లాయర్‌తో ఒక గంట మాట్లాడండి.

కర్నూల్_బ్రో:
ఇదంతా ఎందుకన్నా, ఇండియా పంపెయ్యి. తాత దగ్గర ఒక సంవత్సరం ఉంటే పొలం గట్ల మీద తిరిగి వాడే సెట్ అవుతాడు.

మల్కాజిగిరి:
బ్రో, ఏ కాలంలో ఉన్నావు? గంజాయి మా గల్లీలో దొరకదా? మా తమ్ముణ్ని 17 ఏళ్లకి ఊరి బయట ఒక డీఅడిక్షన్ సెంటర్‌లో వేశాడు మా బాబాయ్. మూడంతస్తుల ఇల్లు, కిటికీలకి జాలీలు, నలభై దాటిన తాగుబోతులు, వాళ్ల మధ్య వీడు. నెల దాకా రావొద్దన్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం 18 నిండనివాళ్లని పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు, ఇంట్లోవాళ్లో, వాళ్లు పెట్టిన మనిషో పిల్లాడితోపాటు అక్కడే ఉండాలి, 72 గంటల్లో బోర్డుకి చెప్పాలి. ఆ సెంటరాయనకి ఈ చట్టం పేరే తెలియదు. కంప్లయింట్ ఇస్తామంటే మాత్రం ఆ రోజే పంపించేశాడు. కౌన్సెలింగ్ కావాలంటే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. నానమ్మ ఇంటికి పంపితే ఆ ముసలావిడకి శిక్ష, పిల్లాడికి సెలవులు.

బూట్లవాడు:
నేను పిల్లాణ్ని. అంటే అప్పట్లో. పదేళ్లప్పుడు విజయవాడ నుంచి వచ్చాం, 16కి పంపారు, ఇప్పుడు 27. నా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి.

రాత్రిడ్యూటీ అంకుల్ చెప్పిన బుట్ట మా దగ్గర కూడా ఉండేది, మాది నీలం రంగుది. ఇప్పటికీ బూట్లు మంచం పక్కన, లేసులు వదులు చేసి పెట్టుకునే పడుకుంటా. నా భార్యకి చెప్పలేదు ఎందుకో, అలవాటు అన్నా.

వాడకం మానేశానా అంటే మానేశా, 14 నెలలు దొరకదు కదా. కానీ అక్కడ అకౌంటబిలిటీ లెటర్ అని ఒకటి రాయాలి, చేసిన తప్పులన్నీ అమ్మానాన్నలకి ఒప్పుకుంటూ. నేను నిజం రాశా, గంజాయి, రెండుసార్లు బీరు. దాస్తున్నావు అని వెనక్కిచ్చారు. మళ్లీ రాశా, మళ్లీ వెనక్కి. నాలుగోసారి కొకైన్ కలిపా, నాన్న పర్సులోంచి డబ్బు తీశానని కలిపా. చప్పట్లు కొట్టారు. లెవెల్ 3 వచ్చింది, సంగీతం వినొచ్చు. నాన్న ఆ ఉత్తరం ఇంకా దాచుకున్నాడు. కొకైన్ నేను చూడను కూడా చూడలేదు అని మొన్న సంక్రాంతికి చెప్తే, పోనీలేరా అయిపోయిందిగా అన్నాడు. నమ్మలేదు.

బెల్వ్యూ_అక్క:
నాన్నా, మీ ఆవిడకి చెప్పు. ఇంకేమీ అనను.

రాత్రిడ్యూటీ:
ఫ్రిస్కో గారూ, అడ్వాన్స్ కట్టేముందు కన్సల్టెంట్‌కి కాదు, ప్రోగ్రామ్‌కి ఫోన్ చేయండి. రాత్రి 11 తర్వాత చేయండి, ఎవరెత్తుతారో చూడండి. రాత్రిపూట ఎంతమంది పిల్లలకి ఎంతమంది స్టాఫ్ అని అడగండి, పగటి లెక్క చెప్తారు, మళ్లీ అడగండి. చెప్పకుండా వచ్చి చూడొచ్చా అనండి. వాడితో ఒంటరిగా, తెలుగులో మాట్లాడొచ్చా అనండి. లైసెన్సింగ్ తనిఖీ రిపోర్టులు యూటా వాళ్ల సైట్‌లో దొరుకుతాయి, ఓపిక ఉంటే చదవండి. 4 గంటల పార్టీని మాత్రం పిలవొద్దు, నా దగ్గరికి అలా వచ్చిన పిల్లలు మొదటి రెండు వారాలు గోడ వైపు తిరిగి పడుకునేవాళ్లు.

ఫ్రిస్కో_నాన్న:
అందరికీ ఒకేసారి రాస్తున్నా. రాత్రి 11.20కి చేశాను. ఎత్తినమ్మాయి గొంతు వింటే పాతికేళ్లు కూడా ఉండవు. రాత్రి లెక్క అడిగితే ఒక్క నిమిషం అని హోల్డ్‌లో పెట్టి మళ్లీ రాలేదు. పొద్దున అడ్మిషన్స్ ఆయనే చేశాడు, చాలా మర్యాదగా. తెలుగు సంగతి అడిగితే మొదటి ఆరు వారాలు ఇంగ్లీషే, ఆ తర్వాత ట్రీట్‌మెంట్ టీమ్ నిర్ణయిస్తుందన్నాడు. మరి యూటా చట్టం గోప్యంగా మాట్లాడనివ్వాలంటోంది కదా అంటే, దాన్ని మేం వేరేగా అమలు చేస్తాం అన్నాడు. మా ఆవిడ స్పీకర్లో వింటోంది, లేచి లోపలికెళ్లిపోయింది.

కట్టట్లేదు. ఇక్కడే ప్లానోలో టీనేజ్ ఐఓపీ (ఇంట్లో ఉంటూనే వెళ్లొచ్చే చికిత్స) దొరికింది, వారానికి నాలుగు సాయంత్రాలు, మూడేసి గంటలు, ఇన్సూరెన్స్ తీసుకుంటారు, కానీ మూడు వారాల వెయిట్‌లిస్ట్. ఈ మూడు వారాలు ఎలా నెట్టాలో తెలియట్లేదు. అన్నయ్య ఫోన్ ఎత్తట్లేదు.

రాత్రిడ్యూటీ:
మందుల అలమరకి తాళం వేయండి, మీ అమ్మగారి బీపీ, నిద్ర మాత్రలు ఉంటే అవీ అందులోనే. కారు తాళాలు మీ జేబులో. పరిస్థితి చెయ్యి దాటుతోందనిపిస్తే 988 క్రైసిస్ లైన్‌కి చేయండి, ఎత్తేది కౌన్సెలర్లు, 911 వాళ్లు కాదు. క్యాన్సలేషన్ లిస్టులో పేరు వేయించుకోండి, ప్రతి సోమవారం పొద్దున 8కి ఫోన్ చేయండి, అప్పుడే ఖాళీలు తెలుస్తాయి.

ఎడిసన్_అమ్మ:
తలుపు కూడా బాగు చేయించండి. వాడు రోజూ పళ్లు తోముకుంటూ ఆ కన్నమే చూస్తుంటాడు.

ఫ్రిస్కో_నాన్న:
హోమ్ డిపోలో 70 డాలర్ల తలుపుంది. శనివారం వాణ్నే తీసుకెళ్తా, వస్తానంటే.