స్క్రాచ్‌లో పిల్లల గొంతులు: ఒకే ఫైలా, ముక్కలుగానా?

అందరికీ నమస్కారం. సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ పిల్లలతో కాకి, నక్క కథను స్క్రాచ్ 3లో (బ్లాకులు పేర్చి యానిమేషన్లు చేసే ప్రోగ్రామ్) చేయిస్తున్నాను. బొమ్మలు, కదలికలు వాళ్లే చూసుకున్నారు. చిక్కంతా గొంతుల దగ్గరే.

ఫోన్‌లో రికార్డ్ చేసిన ఎం4ఏ ఫైళ్లను స్క్రాచ్ తీసుకోదు కాబట్టి, ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎంపీ3గా మార్చి ఎక్కించాను. కథంతా ఒకే ఫైల్. నక్క "ఒక్క పాట పాడవా కాకీ" అనే చోట నోరు తెరవాలని వెయిట్ బ్లాక్‌లో (చెప్పినన్ని సెకన్లు ఆగే బ్లాక్) సెకన్లు లెక్కగట్టి పెట్టాం. నా లాప్‌టాప్‌లో సరిగ్గా కుదిరింది. పిల్లల పాత కంప్యూటర్‌లో మాత్రం మాట అయిపోయాక నోరు తెరుస్తోంది, వాళ్లకేమో నవ్వు ఆగట్లేదు!

ఒక్కో డైలాగునూ విడి ఫైల్‌గా కోసి, 'ప్లే సౌండ్ అంటిల్ డన్' (సౌండ్ పూర్తయ్యాకే ముందుకెళ్లే) బ్లాకులతో వరసగా నడిపిస్తే ఈ తేడా పోతుందా? మాటకూ మాటకూ మధ్య గ్యాప్ వినిపిస్తుందా? నోటి కదలికను బ్రాడ్‌కాస్ట్‌తో (బొమ్మలకు సంకేతం పంపే బ్లాక్) మొదలుపెట్టడం మేలా? ఇలా చేసినవాళ్లు చెప్పండి.

ఇంకోటి. స్క్రాచ్ సౌండ్స్ ట్యాబ్‌లో మైక్ బటన్ నొక్కి నేరుగా రికార్డ్ చేయడమంటే పిల్లలకు భలే సరదా. కానీ ఫ్యాన్ హోరు పడుతోంది, ఈ ఎండల్లో ఫ్యాన్ ఆపితే ఒక్కరూ కూర్చోరు. ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ 12 డెసిబెల్స్ పెడితే హోరు పోయింది గానీ, గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది. ఎంత పెట్టాలి? లేక ఇయర్‌ఫోన్ మైక్ వాడితే సరిపోతుందా?