విశాఖకు సొంత సింఫనీ ఆర్కెస్ట్రా కావాలా, వద్దా?

(సింఫనీ ఆర్కెస్ట్రా అంటే తీగ వాయిద్యాలు, ఊదే వాయిద్యాలు, డ్రమ్ములు కలిపి పదుల మంది పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాయించే బృందం. దీని మీద కొందరు రాసుకున్న చర్చ ఇది; ముందున్నవి వాళ్లు పెట్టుకున్న పేర్లు.)

వాల్తేరు అప్‌ల్యాండ్స్:

సూటిగా చెప్తాను. విశాఖపట్నానికి నెలనెలా జీతాలిచ్చి నడిపే సొంత సింఫనీ ఆర్కెస్ట్రా కావాలి. నగరపాలక సంస్థ కొంత పెట్టాలి, ఇక్కడ లాభాలు తీసుకుంటున్న కంపెనీలు కొంత పెట్టాలి. 2013 కంపెనీల చట్టం ప్రకారం సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద లాభాల్లోంచి ఖర్చుపెట్టాల్సిన 2 శాతంలో కళలు, సంస్కృతి కూడా వస్తాయి. అడిగేవాళ్లు లేకనే ఆ డబ్బు ఇటు రావడం లేదని నా నమ్మకం.

2025 మార్చి 8న లండన్‌లో ఇళయరాజా సింఫనీని రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయిస్తే మనమంతా పండగ చేసుకున్నాం. ఆయన రాసినదాన్ని వాయించడానికి సముద్రాలు దాటి ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో ఎవరూ అడగలేదు. పూర్తిస్థాయి వృత్తి ఆర్కెస్ట్రా అని చెప్పుకోవడానికి దేశం మొత్తానికి ముంబైలో ఒక్కటే ఉంది, 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా.

బీచ్ ఉన్న ఊరికి ఇంత అవసరమా అనేవాళ్లు బోర్న్‌మత్ సంగతి వినాలి. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో జనం సెలవులకు వచ్చే ఊరు అది. 1893లో డాన్ గాడ్‌ఫ్రే అనే ఆయన, బ్యాండ్ మాస్టర్ల కుటుంబంలో పుట్టినవాడు, 30 మందితో మొదలుపెట్టాడు. కొన్నాళ్లకే మునిసిపాలిటీ దాన్ని తన చేతిలోకి తీసుకుంది. అదే ఇప్పటి బోర్న్‌మత్ సింఫనీ ఆర్కెస్ట్రా. పక్కనున్న పూల్ పట్టణంలో ఉంటూ నైరుతి ఇంగ్లండ్ అంతా తిరుగుతుంది. స్కూళ్లకు, ఆసుపత్రులకు, వృద్ధాశ్రమాలకు వెళ్తుంది. 2018లో వికలాంగులైన సంగీతకారుల నాయకత్వంలో రెజౌండ్ అనే బృందాన్ని కూడా మొదలుపెట్టింది.

నేను అడుగుతున్నది అలాంటి ఏడాది. సీజన్‌లో నగరంలో కచేరీలు, మిగతా నెలల్లో పొద్దున్న స్కూళ్లలో పాఠాలు, ఆ తర్వాత బస్సెక్కి శ్రీకాకుళం, పార్వతీపురం, నర్సీపట్నం, అరకు. ఒక్క రాత్రి పెద్ద కచేరీ పెట్టి ఫొటోలు దిగడం కాదు.

సీతంపేట:

నేను పూర్తిగా వ్యతిరేకం. కారణం సంగీతం మీద కోపం కాదు, డబ్బు.

లెక్క వేద్దాం. 80 మందికి తలకు 40 వేలు అనుకున్నా నెలకు 32 లక్షలు, ఏడాదికి 3 కోట్ల 84 లక్షలు. హాలు, వాయిద్యాలు, ముందు నిలబడి చేతులతో బృందాన్ని నడిపించే కండక్టరు, ప్రయాణాలు ఇందులో లేవు. ఈ ఖర్చు తగ్గేది కూడా కాదు. బామోల్, బోవెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1966లోనే ఈ సంగతి తేల్చారు. బీతోవెన్ తొమ్మిదో సింఫనీకి 1824లో ఎంతసేపు పట్టిందో ఇప్పుడూ దాదాపు అంతే, గంటా పది నిమిషాలు. వాయించేవాళ్లను తగ్గించలేం. ఫ్యాక్టరీలో యంత్రం వస్తే పని వేగం పెరుగుతుంది, ఇక్కడ అది కుదరదు. జీతాలు మాత్రం బయట పెరిగినట్టే పెంచాలి. అమెరికాలో అంత పేరున్న ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా 2011లో దివాలా పిటిషన్ వేసింది. వాళ్ల వెనక ఉన్న దాతలు మనకున్నారా?

ఇంకో మాట. మన ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు వాయించేవాళ్లున్నారు, జముకు అనే వాయిద్యం మోగిస్తూ జముకుల కథ చెప్పేవాళ్లున్నారు. గుండెకు తప్పెట కట్టుకుని గంటల తరబడి ఎగిరి వాయించే మనిషికి ఏడాదిలో ఎన్ని పిలుపులు వస్తాయి? వచ్చిన చోట ఎంతిస్తారు? ఉత్సవాల్లో వాళ్లను ఊరేగింపు ముందు నడిపించి, వేదిక మీదికి సినిమా పాటలవాళ్లను ఎక్కిస్తాం. నాలుగు కోట్లు ఉంటే ముందు వాళ్లకివ్వండి.

విజయనగరం ఫిడేలు:

ఇద్దరి మాటలూ చదివాను. నేను విజయనగరంలో నేర్చుకుని విశాఖలో వయొలిన్ పాఠాలు చెప్తున్నాను. ఆర్కెస్ట్రా రావాలనే నా కోరిక, కానీ అప్‌ల్యాండ్స్ బాబు చెప్పిన వరసలో కాదు.

మన దగ్గర వయొలిన్ వాయించేవాళ్లకు కొదవేముంది, వాళ్లనే కూర్చోబెడితే సరిపోదా అని చాలామంది అంటారు. సరిపోదు. కర్ణాటక సంగీతంలో మనం నేల మీద కూర్చుని, ఫిడేలు తలను కుడి పాదం మీద ఆనించి, గాయకుడి శ్రుతికి తగ్గట్టు స-ప-స-ప కలుపుకుంటాం. ఆర్కెస్ట్రాలో భుజం మీద పెట్టి, ఓబో అనే ఊదే వాయిద్యం ఇచ్చే స్వరానికి అందరూ శ్రుతి చేసుకోవాలి. మన కచేరీలో వయొలినిస్టు గాయకుణ్ణి చెవితో వెంటాడతాడు, గమకం, అంటే స్వరాన్ని ఊపే తీరు, తన సొంతం. అక్కడ పదహారు మంది ఒకే వరస స్వరాలను, విల్లు ఒకే దిక్కున కదిలేలా, ఎదురుగా ఉన్న కాగితం చూసి అప్పటికప్పుడు వాయించాలి. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని కాదు. ఒక పద్ధతిలో పదేళ్లు గడిపిన చేతిని ఆరు నెలల్లో రెండోదానికి మార్చలేం.

వయొలిన్ పరాయి వాయిద్యం అని కొందరనే మాట మాత్రం నేను ఒప్పుకోను. బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరోపియన్ల దగ్గర నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. ఆయన అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండ్ ట్యూన్లకు సంస్కృత సాహిత్యం కూర్చారు, వాటినే నోట్టుస్వరాలంటాం. ఇక ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పెరిగింది ఈ విశాఖలోనే. ఆయన వాయిద్యం విని పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ అంతటివాడు మెచ్చుకున్నాడు.

1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వారు వయొలిన్ ఆచార్యులు. అక్కడ ముందు బడి వచ్చింది. ఆ బడిలోంచి ఘంటసాల, సుశీల వచ్చారు. ముంబైలో దీనికి తిరగేసి జరిగింది. 2006లో ఆర్కెస్ట్రా, 2012లో పిల్లల శిక్షణ. అందుకే అక్కడ కుర్చీల్లో చాలా వరకు విదేశీయులే కనిపించారు. వాళ్ల స్థాయి గొప్పదే, 2019లో బ్రిటన్ అంతా తిరిగి వాయించి వచ్చారు. కానీ విశాఖ ఆర్కెస్ట్రా అని పేరు పెట్టి సీజన్‌కు సీజన్ విమానాల్లో మనుషుల్ని దింపుకుంటే ఈ ఊరికి మిగిలేదేమిటి?

నన్నడిగితే మొదటి ఎనిమిదేళ్లు పిల్లలకే ఖర్చుపెట్టాలి. పశ్చిమ బెంగాల్ కొండల్లోని కాలింపాంగ్‌లో ఒక జెస్యూట్ క్రైస్తవ ఫాదర్ 1993లో పెట్టిన గాంధీ ఆశ్రమ పాఠశాలలో కూలీల పిల్లలకు చదువుతో పాటు వయొలిన్ నేర్పుతున్నారు. కొండ మీద చిన్న ఊళ్లో సాధ్యమైంది, ఇక్కడ కాదా?

గాజువాక అమ్మ:

మాస్టారూ, ఎనిమిదేళ్లు అంటున్నారు కాబట్టి తల్లిగా ఒక మాట. పిల్లలు ఎదిగే కొద్దీ వయొలిన్ సైజు మారుతుంది, పావు, అర, ముప్పావు అంటూ ప్రతిసారీ కొత్తది కొనాలి. మాలాంటివాళ్లకు ఫీజు కంటే అదే భారం. వాయిద్యాలు అరువిచ్చే చోటు ఒకటి ఉంటే చాలామంది పిల్లలు చేరతారు. ఇంకోటి, ఎనిమిదో తరగతి దాటగానే ఐఐటీ ఫౌండేషన్ టెన్షన్ మొదలవుతుంది, సంగీతం క్లాసు అక్కడితో ఆగిపోతుంది. మా అమ్మాయితో పాటు చేరినవాళ్లలో ఇప్పుడు ఎవరూ వాయించడం లేదు. పెద్దయ్యాక ఎక్కడ వాయిస్తుంది అని ఇంట్లో అడిగితే నా దగ్గర జవాబు లేదు.

వాల్తేరు అప్‌ల్యాండ్స్:

అమ్మా, నేను చెప్పాలనుకున్నది మీరే చెప్పారు. మాస్టారు బడి కట్టి ఎనిమిదేళ్లు ఆగుదామంటారు. ఆ పిల్లల కళ్ల ముందు ఏముంటుంది? వెనిజులాలో 1975లో అబ్రేయు అనే ఆయన మొదలుపెట్టిన ఎల్ సిస్టెమా అనే సంగీత శిక్షణ కార్యక్రమంలో పిల్లల్ని మొదటినుంచే ఆర్కెస్ట్రాలో కూర్చోబెట్టి, అందులోనే నేర్పారు. ఇప్పుడు ప్రపంచమంతా తెలిసిన కండక్టర్ గుస్తావో దుడమెల్ అలా వచ్చినవాడే. చేరడానికి ఒక ఆర్కెస్ట్రా లేకపోతే మన పిల్లలు నేర్చుకుని చెన్నైకో హైదరాబాద్‌కో పోవాలి. అక్కడ కూడా కీబోర్డులు వచ్చాక స్టూడియోల్లో తీగ వాయిద్యాల పని పడిపోయింది. పెద్ద సినిమాలకైతే యూరప్‌లోని బుడాపెస్ట్, స్కోప్యేల్లో రికార్డు చేయించుకొస్తున్నారు. ఆ డబ్బులో కొంత ఇక్కడికి రావచ్చు కదా.

మాజీ బ్యాండ్ నావికుడు:

కొంచెం ఆచరణ మాట్లాడతాను. నేను ముంబైలో ఐఎన్ఎస్ కుంజాలిలోని నేవీ సంగీత పాఠశాలలో శిక్షణ తీసుకుని, బ్యాండ్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. విశాఖలో తూర్పు నౌకాదళ కేంద్రం ఉంది కాబట్టి ట్రంపెట్, హార్న్, ట్రాంబోన్, క్లారినెట్ వాయించేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. నోట్స్ చూసి వాయించడం, కండక్టర్ చేతిని చూడటం వాళ్లకు వృత్తి. సర్వీసులో ఉన్నవాళ్లను లెక్కలోకి తీసుకోకండి, బదిలీలుంటాయి, డ్యూటీ ఉంటుంది. కానీ నావికులు పదిహేను, ఇరవై ఏళ్ల సర్వీసు చేసి, వాయించే సత్తువ ఇంకా బాగా ఉన్నప్పుడే బయటికి వస్తారు. ఆ తర్వాత పెళ్లి బ్యాండో, సెక్యూరిటీ ఉద్యోగమో. వాళ్లను పిలవండి. గాడ్‌ఫ్రే బ్యాండ్ కుటుంబంలోంచి వచ్చాడని అప్‌ల్యాండ్స్ అన్నారు కదా, ఆ దారి మనకూ తెరిచే ఉంది.

టూర్ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మనిషెత్తు తీగ వాయిద్యాలైన డబుల్ బాస్‌లు, టింపనీలనే పెద్ద డ్రమ్ములు బస్సు డిక్కీలో పట్టవు, వేరే లారీ కావాలి. అరకు ఘాట్ ఎక్కితే చల్లదనం, కింద ఉక్కపోత. వేడికి ఇత్తడి వాయిద్యాల శ్రుతి పైకి పోతుంది, తీగలు ఇంకో రకంగా కదులుతాయి. తేమకు వయొలిన్ల జిగురు అతుకులు విడిపోతాయి, ఉప్పు గాలికి తీగలు తుప్పు పడతాయి. ఇక్కడ వాయిద్యాలు బాగుచేసే మనిషి ఒకరు లేకుండా అసలు మొదలుపెట్టకూడదు. ఆర్.కె. బీచ్‌లో బహిరంగ కచేరీ అందరికీ నచ్చుతుంది, కానీ ఆరుబయట వయొలిన్ల శబ్దం గాలికి పోతుంది, మైకులు తప్పవు. మైకు లేకుండా ఆ సంగీతాన్ని వినిపించే హాలు కావాలంటే అది ఇంకో పెద్ద ఖర్చు.

సీతంపేట:

అన్నా, రిటైరైన బ్యాండువాళ్ల మాట నాకు నచ్చింది. పిల్లలకు వాయిద్యాలు అరువివ్వడం కూడా. ఈ రెండింటికీ ప్రజల డబ్బు పెడితే నేను అడ్డు చెప్పను. 80 మంది జీతాలకు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

ఒకవేళ పెట్టేట్టయితే నావి రెండు షరతులు, రాతపూర్వకంగా ఉండాలి. కచేరీల్లో కనీసం సగం నగరం బయట జరగాలి, వాటికి టికెట్ ఉండకూడదు. జముకుల కథ, తప్పెటగుళ్ల కళాకారులు అదే వేదిక మీద, అదే పారితోషికంతో ఉండాలి. ముందు వాళ్లు, తర్వాత అసలు కార్యక్రమం అనే పద్ధతి వద్దు.

వాల్తేరు అప్‌ల్యాండ్స్:

మొదటి షరతు నాకు సంతోషంగా సమ్మతం. రెండోదాంట్లో సమాన పారితోషికానికి సరే. ప్రతి కచేరీలో ఉండాలంటే కాదు. సగం వండిన కలయికలు చూశాను, వెనక వయొలిన్లు ఒకే స్వరం పట్టుకుని కూర్చుంటే ముందు డప్పు మోగుతుంది. అందులో రెండు కళలకూ మర్యాద లేదు. జముకుకు, ఆర్కెస్ట్రాకు కలిపి కొత్తగా రాయగల స్వరకర్తకు ఏడాది సమయం, జీతం ఇస్తే అప్పుడు పెడదాం.

మాస్టారూ, మీకూ ఒక సవరణ. 30 మందితో తీగల బృందం మూడేళ్లలో నిలబెడదాం. బయటినుంచి అయిదారుగురు గురువులు వచ్చి ఇక్కడే కాపురం ఉండాలి, వాయించాలి, నేర్పాలి. మీలాంటివాళ్లు శని, ఆదివారాలు స్వచ్ఛందంగా వస్తే ఖర్చు సగం తగ్గుతుంది.

విజయనగరం ఫిడేలు:

గురువులు ఇక్కడే ఉండాలన్నది బాగుంది, మూడేళ్లన్నది కుదరదు. తీగల బృందానికైనా అయిదేళ్లు పెట్టండి.

స్వచ్ఛందం అన్న మాట వెనక్కి తీసుకోండి బాబూ. సంగీతం చెప్పేవాడి సమయానికి విలువ కట్టకపోవడం వల్లనే మా తరంలో ఎంతోమంది ఫిడేలు పక్కన పెట్టి గుమాస్తా పనుల్లో చేరారు. కండక్టరుకు, లారీ డ్రైవరుకు జీతం రాసిన కాగితంలో పాఠం చెప్పేవాళ్ల జీతం కూడా రాయండి. అప్పుడు నేను శనివారం కాదు, రోజూ వస్తాను.