హీరోస్ 3 మొదటిసారి ఆడుతున్నాను, మూడో వారానికే పట్టణం పోతోంది: మొదటి వారం ఎలా గడపాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ వరుసలో 1999లో వచ్చిన మూడో ఆటను, దాని రెండు అనుబంధాలూ కలిసి ఉన్న కంప్లీట్ ఎడిషన్‌ను, ఈ మధ్యనే కొని ఆడడం మొదలుపెట్టాను. చదరంగం చిన్నప్పటి నుంచి ఆడుతున్నాను కానీ, మంత్రాలూ, గద్ద తలా సింహం ఒళ్లూ ఉన్న గ్రిఫిన్లూ ఉండే ఇలాంటి వ్యూహాత్మక ఆట ఆడడం ఇదే మొదటిసారి. ఒక్కొక్కరు తమ వంతు ముగించాక రోజు మారడం, పటం మీద గుర్రమెక్కిన హీరోను నడిపించడం, యుద్ధంలో ఆరు మూలల గళ్ల మీద సేనలను కదపడం వరకు అర్థమయ్యాయి.

నేను క్యాసిల్ అనే రకం పట్టణం తీసుకుని, నార్మల్ స్థాయిలో, మీడియం పటం మీద ఆడుతున్నాను. చేతిలో 20,000 బంగారం ఉంటుంది కనుక మొదటి రోజుల్లోనే దొరికిన సైనికులందరినీ కొని, పట్టణంలోనే ఉంచి, బలం కూడాక బయలుదేరుదామని ఆగుతున్నాను. రెండో వారం నడుమకే బంగారం అయిపోతోంది. కలప అంతకంటే ముందే నిండుకుంటోంది. మూడో వారంలో కంప్యూటర్ నడిపే ప్రత్యర్థి నాకంటే ఎంతో పెద్ద సేనతో వచ్చి పట్టణం పట్టుకుంటున్నాడు. అతనికి అంత బలం ఎక్కడి నుంచి వస్తోంది? మొదటి వారంలో ఏం కట్టాలి, ఎవరిని కొనాలి, హీరోను ఎక్కడికి పంపాలి అన్నది వివరంగా చెప్పగలరా? సంక్రాంతి సెలవులకు మా అక్క వస్తోంది. ఈలోగా ఆట కొంతైనా పట్టుబడితే, తనతో కలిసి ఒకే కంప్యూటర్ మీద ఆడాలని ఉంది.

కోటబురుజు:

గోదారిగట్టు గారూ, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. బలం కూడాక బయలుదేరుదామని ఆగడం ఈ ఆటలో పనికిరాదు, ఎందుకంటే ఇక్కడ బలం పట్టణంలో కూర్చుంటే వచ్చేది కాదు, పటం మీద తిరిగితే వచ్చేది. ఈ ఆటలో అన్నిటికంటే విలువైనది రోజు. ఒక పట్టణంలో రోజుకు ఒక్క కట్టడమే కట్టగలం. ఏడు రోజులు ఒక వారం. కొత్త సైనికులు ప్రతి వారం మొదటి రోజునే పుడతారు. సేద్యంలో అదును తప్పితే ఎంత ఎరువు వేసినా పంట రానట్టు, మొదటి వారంలో కట్టవలసినవి కట్టకపోతే రెండో వారం మొదటి రోజున పుట్టవలసిన సేన మీకు పుట్టదు. ఆ లోటు మూడో వారంలో మీ గోడల ముందు కనిపిస్తోంది.

అందుచేత మొదటి వారాన్ని రోజులవారీగా చూద్దాం. మీ పట్టణంలో ఆట మొదలయ్యేటప్పటికే హీరోలు దొరికే ట్యావెర్న్, చుట్టూ గోడ అయిన ఫోర్ట్ ఉన్నాయనుకుంటున్నాను; చాలా పటాల్లో ఉంటాయి. మొదటి రోజు టౌన్ హాల్ కట్టండి. దాంతో రోజుకు 500 ఉన్న రాబడి 1,000 అవుతుంది. తరువాతి మూడు రోజుల్లో మార్కెట్, కమ్మరి కొలిమి, మంత్రాలు నేర్పే మేజ్ గిల్డ్ మొదటి అంతస్తు కట్టండి. కొలిమితో మీకు వెంటనే పెద్ద పని ఉండదు, కానీ ఈ మూడూ లేకుండా సిటీ హాల్ కట్టనివ్వరు. ఐదో రోజు సిటీ హాల్ లేస్తే రాబడి రోజుకు 2,000కు చేరుతుంది. ఆరో రోజు ఫోర్ట్ పైమెట్టయిన సిటడెల్, ఏడో రోజు దానిపై ఆఖరి మెట్టయిన క్యాసిల్ కోట కట్టండి. సిటడెల్ వల్ల వారంవారం పుట్టే సైనికుల సంఖ్య ఒకటిన్నర రెట్లు, క్యాసిల్ కోట వల్ల రెండు రెట్లు అవుతుంది. అంటే వారానికి 9 మంది వచ్చే ఆర్చర్లు 18 మంది వస్తారు, 7 వచ్చే గ్రిఫిన్లు 14 వస్తాయి, వాటి నివాసాలు అప్పటికి కట్టి ఉన్నంతవరకు.

ఈ ఏడు కట్టడాలకూ కలిపి 18,500 బంగారం, 25 కలప, 20 ఓర్ (ముడిఖనిజం) అవుతాయి. నార్మల్ స్థాయిలో మీకు మొదట ఇచ్చేది 20,000 బంగారం, 20 కలప, 20 ఓర్. బంగారం రోజూ వస్తూ ఉంటుంది కనుక సరిపోతుంది. కలప మాత్రం అయిదు తక్కువ పడుతోంది, చూశారా? అందుకే మొదటి రోజునో రెండో రోజునో మీ హీరో పట్టణానికి దగ్గరలో ఉన్న కోతమిల్లును పట్టుకోవాలి. అది రోజుకు 2 కలప ఇస్తుంది. ఓర్ గని కూడా రోజుకు 2 ఇస్తుంది. పాదరసం, గంధకం, స్ఫటికం, రత్నాల గనులు రోజుకు ఒక్కటే ఇస్తాయి. బంగారు గని అయితే రోజుకు 1,000 ఇస్తుంది, దాన్ని కాపలా కాసేవాళ్లూ అంతే గట్టిగా ఉంటారు. మీ ప్రత్యర్థి బలం ఈ గనుల నుంచే వస్తోంది.

ఇక హీరోల సంగతి. మొదటి రోజే ట్యావెర్న్‌లో 2,500 పెట్టి రెండో హీరోను తీసుకోండి. అతను తనతో తెచ్చే సైనికులను మీ మొదటి హీరోకు అప్పగించి, ఒక్క సైనికుణ్ణి మాత్రం ఉంచుకుని, దారిలో పడి ఉన్న కలప, బంగారం ఏరుకునే పనికి అతన్ని పంపండి. యుద్ధాలన్నీ మొదటి హీరో చేయాలి, అనుభవమంతా అతనికే చేరాలి. ఒక మెలకువ చాలామంది గమనించరు: హీరో ఒక రోజులో ఎంత దూరం నడుస్తాడన్నది ఆ రోజు మొదట్లో అతని సేనలో అందరికంటే నెమ్మదైన సైనికుడి వేగాన్ని బట్టి ఉంటుంది. రాత్రికి నెమ్మదైనవాళ్లను పట్టణంలో దించేస్తే మరుసటి పొద్దున దూరం పెరుగుతుంది.

వేకువచుక్క:

కోటబురుజు గారు చెప్పిన వరుస బాగుంది కానీ, దాన్ని ప్రతి పటం మీదా కళ్లు మూసుకుని పాటించమని నేను చెప్పను. ప్రత్యర్థి దగ్గరలో ఉండే చిన్న పటం మీద ఆడేటప్పుడు, రాబడి కోసం వారమంతా వెచ్చించి గ్రిఫిన్ల నివాసం కట్టకుండా వదిలేస్తే, రెండో వారంలో కాపలావాళ్లను కొట్టడానికే చేతిలో సేన ఉండదు. చిన్న పటం మీద టౌన్ హాల్ తరువాత నేరుగా సైనికుల నివాసాల మీదికి వెళ్లడమే మంచిదని నా అభిప్రాయం. సిటీ హాల్ పైమెట్టయిన క్యాపిటాల్ మీద కొత్తవాళ్లకు మోజు ఎక్కువ. అది రోజుకు 4,000 ఇస్తుంది, నిజమే. కానీ దానికి 10,000 బంగారం పోయాలి, రాజ్యం మొత్తానికి ఒక్కటే ఉండగలదు, ఆ డబ్బుతో 50 గ్రిఫిన్లు వస్తాయి. ఆట ఎక్కువ వారాలు సాగే పెద్ద పటం మీదే అది పెట్టుబడికి తగినది.

నేను ముఖ్యంగా యుద్ధం గురించి చెప్పదలచుకున్నాను, ఎందుకంటే గనిని పట్టుకోండి అనడం తేలిక, అక్కడి కాపలాను నష్టం లేకుండా కొట్టడమే అసలు విద్య. పటం మీద ఒక గుంపు మీద కుడి బటన్ నొక్కితే ఆట వాళ్ల లెక్కను మాటల్లో చెబుతుంది. ఫ్యూ అంటే 1 నుంచి 4, సెవరల్ అంటే 5 నుంచి 9, ప్యాక్ అంటే 10 నుంచి 19, లాట్స్ అంటే 20 నుంచి 49, హోర్డ్ అంటే 50 నుంచి 99. లాట్స్ అన్నప్పుడు 20 అనుకుని వెళితే 45 మంది ఎదురుకావచ్చు.

ఒక ఉదాహరణ చూడండి. ఒక గనిని వాకింగ్ డెడ్ అనే నడిచే శవాల ప్యాక్, ఒక 15 అనుకుందాం, కాస్తున్నాయి. మీ దగ్గర 20 మంది ఆర్చర్లు, కొన్ని గ్రిఫిన్లు ఉన్నాయి. యుద్ధభూమి వెడల్పు 15 గళ్లు. శవాల వేగం 3 గళ్లు మాత్రమే, కనుక మీ దగ్గరికి రావడానికి వాటికి నాలుగైదు విడతలు పడుతుంది. ఒక్కో ఆర్చర్ బాణానికి 2 నుంచి 3 హాని, ఒక్కో శవానికి 15 ప్రాణం. పది గళ్లు దాటిన దూరంలో బాణం బలం సగమే, కాబట్టి మొదటి విడతలో ఒకటి రెండు పడతాయి, దగ్గరపడ్డాక విడతకు మూడేసి పడతాయి. మిగిలినవి వచ్చేసరికి మీ ఆర్చర్ల ముందు గ్రిఫిన్లు నిలబడి ఉండాలి. ఏ సైనికుడైనా ఒక విడతలో ఒక్కసారే ఎదురుదెబ్బ కొడతాడు, గ్రిఫిన్ రెండుసార్లు కొడుతుంది. విలుకాడి పక్క గడిలోకి శత్రువు వచ్చాడంటే బాణం వేయడం కుదరదు, చేత్తో కొట్టే దెబ్బ సగమే తగులుతుంది. కాబట్టి ఆర్చర్లను మూలన పెట్టి, వాళ్లను ఆనుకుని ఉన్న గళ్లలో ఈటె పట్టిన ఒక్కొక్క పైక్‌మన్‌ను వేరు చేసి నిలబెట్టండి. శత్రువులను నెమ్మది చేసే స్లో మంత్రం దొరికిందంటే ఇలాంటి యుద్ధాల్లో ఒక్కరు కూడా పోకుండా గెలవవచ్చు. దానికోసమైనా మేజ్ గిల్డ్ త్వరగా కట్టమంటాను.

మరొక మాట. దారిలో చేరతామన్న ప్రతి ప్రాణినీ సేనలో కలుపుకోకండి. ఒకే పట్టణం వాళ్లతో నిండిన సేనకు మొరేల్, అంటే ఉత్సాహం, ఒకటి పెరుగుతుంది, మూడు రకాల పట్టణాల వాళ్లు కలిస్తే ఒకటి తగ్గుతుంది, చచ్చి లేచినవాళ్లు ఉంటే ఇంకా తగ్గుతుంది. మొరేల్ బాగుంటే సైనికులకు అప్పుడప్పుడు అదే విడతలో రెండో అవకాశం దక్కుతుంది.

గోదారిగట్టు:

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞుణ్ణి. కలప లెక్క చూశాక నా ఆట ఎక్కడ ఆగుతోందో తెలిసింది. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. దారిలో దొరికే పెట్టెలో బంగారం తీసుకోవాలా, అనుభవం తీసుకోవాలా? ఇంత చేసినా ప్రత్యర్థి గుమ్మంలోకి వచ్చేస్తే పట్టణంలో ఉండి పోరాడాలా, వదిలేసి తప్పుకోవాలా?

ఇసుకగడియారం:

పెట్టెల్లో 1,000 బంగారమో 500 అనుభవమో, 1,500 బంగారమో 1,000 అనుభవమో, 2,000 బంగారమో 1,500 అనుభవమో ఎంచుకోమంటుంది. మొదటి వారంలో రెండో హీరోకు దొరికినవి బంగారంగా తీసుకోండి. ప్రధాన హీరోకు దొరికిన పెద్ద పెట్టెలను అనుభవంగా తీసుకోండి. అతనికి తొందరగా, నడిచే దూరం పెంచే లాజిస్టిక్స్, స్లో వంటి మంత్రాలకు బలమిచ్చే ఎర్త్ మ్యాజిక్ వంటి నైపుణ్యాలు రావడం సైన్యం కొన్నంత పని. హీరోకు ఎనిమిది నైపుణ్యాలే పడతాయి కనుక, దొరికినదల్లా తీసుకోకుండా కాస్త ఆలోచించి ఎంచుకోండి.

ముట్టడి విషయంలో నా సలహా సూటిగా ఒకటే: మీకు సిటడెల్ అయినా ఉంటే లోపలే ఉండి పోరాడండి. సిటడెల్‌తో కందకం, మధ్య బురుజు నుంచి బాణాలు వస్తాయి. క్యాసిల్ కోటతో మరో రెండు బురుజులు తోడవుతాయి. గోడ నిలిచి ఉన్నంతసేపు బయటి విలుకాళ్ల బాణాలకు బలం సగమే, మీ ఆర్చర్లకు ఆ అడ్డు లేదు. కాబట్టి మీకంటే కొంత పెద్ద సేననైనా ఆపవచ్చు. ఫోర్ట్ మాత్రమే ఉండి, వచ్చిన సేన మరీ పెద్దదైతే, హీరోను సేనతో సహా ముందురోజే బయటికి తీసేయండి, ఎందుకంటే ముట్టడి మొదలయ్యాక లోపలున్న హీరో వెనుదిరగడానికి వీలుండదు. పట్టణం లేకపోయినా, మరొకటి పట్టుకోవడానికి మీకు ఏడు రోజుల గడువు ఉంటుంది. ప్రత్యర్థి సేన మీ పట్టణంలో ఉన్న ఆ సమయంలో అతని పట్టణం తరచూ ఖాళీగా ఉంటుంది.

మీ అక్కగారితో ఆడడానికి మల్టీప్లేయర్‌లో హాట్ సీట్ ఎంచుకోండి. ఒకరి వంతు అయ్యాక మరొకరు కుర్చీలో కూర్చోవాలి, అంతే. మొదటిసారి ఒకరి మీద ఒకరు ఆడకండి. కంప్లీట్ ఎడిషన్‌లో అప్పటికప్పుడు కొత్త పటం తయారుచేసే ఏర్పాటు ఉంది; అందులో మీడియం పరిమాణం, ఇద్దరు మనుషులు ఒక జట్టు, ఒక కంప్యూటర్ ప్రత్యర్థి అని పెట్టండి. మీరు క్యాసిల్, ఆమె ర్యాంపార్ట్ అనే మరో రకం పట్టణం తీసుకుంటే ఇద్దరికీ మంచి విలుకాళ్లు ఉంటారు. ఆమె మొదటిసారి ఆడుతున్నట్టయితే స్థాయిని ఈజీలో పెట్టండి. 30,000 బంగారం, 30 కలపతో మొదలవుతుంది కనుక కోటబురుజు గారి ఏడు రోజుల వరుస కోతమిల్లు దొరకడం ఆలస్యమైనా సాగుతుంది.