అప్‌డేట్: ఫ్లోర్ మార్చాక కారులో వచ్చిన మోత

ప్రమాదంలో దెబ్బతిన్న కారు వెనుక ఫ్లోర్‌కు జయపురంలో చదును రేకు వేయించాక, కోరాపుట్ రోడ్డులో వేగం 60 కిలోమీటర్లు దాటగానే చెవులు దిమ్మెక్కే మోత ఎందుకు వస్తోందని లోగడ అడిగాను. ఓపికగా వివరించిన పెద్దలందరికీ కృతజ్ఞతలు.

మీరు చెప్పినట్టే లోపం రేకు నాణ్యతలో లేదు, ఆకృతిలో ఉంది. ఫ్యాక్టరీలో డైల (ఆకృతినిచ్చే ఉక్కు అచ్చుల) మధ్య రేకును ప్రెస్‌తో నొక్కి గాడులు, ఒంపులు తీర్చడం వల్ల దాని బిగువు (వంగకుండా నిలిచే గుణం) పెరిగి, సహజ పౌనఃపున్యం (రేకు తనంతట తాను కంపించే వేగం) రోడ్డు, ఇంజన్ కంపనాల ప్రధాన పరిధికి పైకి జరుగుతుంది. చదును రేకు మాత్రం డప్పు చర్మంలా ఆ కంపనాలకే మోగుతుంది. ప్రెస్‌లో ఉక్కు గట్టిపడటమే మోత తగ్గడానికి కారణమని కొందరు రాశారు గానీ, దానివల్ల బలం పెరిగినా స్థితిస్థాపక గుణకం (బిగువును నిర్ణయించే లోహ గుణం) పెద్దగా మారదు. పైగా వంపును తట్టుకునే బిగువు మందం ఘనాన్ని బట్టి ఉంటుంది కనుక, లోతైన గాడి కోసం సాగదీసినప్పుడు రేకు 10 శాతం పలచబడిన చోట అది సుమారు 27 శాతం తగ్గుతుంది. కాబట్టి గాడి ఎంత లోతైతే అంత మేలు అనుకోవడం సరికాదని నా అభిప్రాయం.

మేస్త్రీ గారు ఆ రేకు తీసి, గాడులున్న కంపెనీ ప్యానెల్‌ను స్పాట్ వెల్డింగ్ చేసి, లోపల బ్యుటైల్ షీటు (కంపనాలను అణచే రబ్బరు పొర) అంటించారు. మోత పోయింది. ఒక అంచున సన్నని గలగల మిగిలింది. ప్రెస్ వదిలాక రేకు కొంత వెనక్కి లేచే గుణం వల్ల అక్కడ అతుకు సరిగా కూర్చోలేదని ఆయన అనుమానం. ఆ వెల్డింగ్‌ను మళ్లీ చూస్తామన్నారు.