దొర్లే వస్తువు విషయంలో ఘర్షణ చేసే పనిని ఎందుకు తీసివేయం?

ప్రశ్న (ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థిని, ఎంపీసీ):
భ్రమణ చలనం పాఠంలో ఒక చోట ఆగిపోయాను. వాలుతలం మీద దిమ్మె జారే లెక్కలో ఘర్షణ చేసిన పనిని తీసివేస్తున్నాం. అదే వాలుతలం మీద ఘన గోళమో, కంకణమో జారకుండా దొర్లితే మాత్రం స్థితిజ శక్తి అంతా గతిజ శక్తిగా మారుతుందని రాస్తున్నాం. దొర్లడానికి ఘర్షణ తప్పనిసరి అని పాఠంలోనే ఉంది కదా, మరి ఆ ఘర్షణ వల్ల శక్తి ఎందుకు తగ్గడం లేదు? సూత్రం కంఠస్థం చేస్తే మార్కులు వస్తాయని స్నేహితురాళ్లు అంటున్నారు గానీ, అర్థం కాకుండా ముందుకు వెళ్లడానికి నాకు మనసొప్పడం లేదు.

సమాధానం (భౌతికశాస్త్ర అధ్యాపకుడు):
మనసొప్పకపోవడం మంచిదేనమ్మా, ఈ పాఠంలో అసలు అర్థం చేసుకోవలసింది ఇదే. బలం ఏ బిందువు మీద పనిచేస్తున్నదో ఆ బిందువు కదలికను బట్టి పనిని లెక్కించాలి. దిమ్మె అడుగుభాగం తలాన్ని రాసుకుంటూ పోతుంది. దొర్లే గోళంలో తలాన్ని తాకే బిందువుకు మాత్రం ఆ క్షణాన వేగం సున్నా, ఎందుకంటే కేంద్రంతో పాటు ముందుకు సాగే వేగమూ, భ్రమణం వల్ల వెనక్కి పోయే వేగమూ అక్కడ సమానమై రద్దవుతాయి. అందువల్ల ఈ స్థైతిక ఘర్షణ (తాకే చోట జారుడు లేనప్పటి ఘర్షణ) శక్తిని హరించదు. కేంద్రం వేగాన్ని కొంత తగ్గించి, అంతే శక్తిని టార్క్ (వస్తువును తిప్పే బల ప్రభావం) ద్వారా భ్రమణానికి చేరుస్తుంది. మొత్తం గతిజ శక్తిలో భ్రమణ వాటా ఘన గోళానికి ఏడింట రెండు వంతులు, కంకణానికి సగం. వస్తువు బరువైనా తేలికైనా, పెద్దదైనా చిన్నదైనా ఈ వాటాలు మారవు.

సమాధానం (ఇంజనీరింగ్ విద్యార్థి):
అంకెలు వేసి చూస్తే ఇది బాగా మనసుకెక్కుతుంది. 30 డిగ్రీల వాలులో గోళం త్వరణం సెకను వర్గానికి 3.5 మీటర్లు, కంకణం త్వరణం 2.45 మీటర్లు. 2 మీటర్ల వాలును గోళం సుమారు 1.07 సెకన్లలో, కంకణం 1.28 సెకన్లలో దిగుతాయి. ఘర్షణ గుణకాన్ని (తాకే తలాల గరుకుదనాన్ని తెలిపే సంఖ్యను) అభిలంబ బలంతో (తలం వస్తువును లంబంగా నెట్టే బలంతో) గుణించి అదే ఘర్షణ అని రాయడం నేనూ చాలాకాలం చేసిన తప్పు. స్థైతిక ఘర్షణకు అది గరిష్ఠ విలువ మాత్రమే.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
ధన్యవాదాలు సార్. తలం నునుపుగా ఉండి, ఆ గరిష్ఠ విలువ కూడా చాలకపోతే ఏమవుతుంది?

సమాధానం (అధ్యాపకుడు):
అప్పుడు వస్తువు దొర్లుతూనే జారుతుంది. 30 డిగ్రీల వాలులో జారకుండా దొర్లాలంటే ఘర్షణ గుణకం గోళానికి కనీసం 0.17, కంకణానికి 0.29 ఉండాలి. గుణకం 0.2 అయితే గోళం చక్కగా దొర్లుతుంది, కంకణం జారుతుంది. ఆ కంకణం లెక్కలో ఉష్ణంగా పోయిన శక్తిని తీసివేయవలసిందే. అయితే ఘర్షణ బలాన్ని వాలు పొడవు మొత్తంతో గుణించకండి. కేంద్రం సాగిన దూరంలో నుంచి, అంచు తిరిగిన దూరాన్ని తీసివేయగా మిగిలిన జారుడు దూరంతోనే గుణించాలి.