కంట్రోల్ థియరీని తెలుగు పాడ్‌కాస్ట్‌లో చెప్తే ఎక్కుతుందా?

పాలమూరు పాలిటెక్నిక్:
కంట్రోల్ థియరీ, అంటే యంత్రాలు తమంతట తామే అదుపులో నడిచేలా చేసే శాస్త్రం మీద తెలుగులో పాడ్‌కాస్ట్ మొదలుపెడదామనుకుంటున్నా. పావుగంట ఎపిసోడ్, సమీకరణాలు ఉండవు. మొదటిది బోరు ఆటో స్టార్టర్ మీద. కరెంటు రాగానే మోటారు వేస్తుందే తప్ప బోరులో నీళ్లున్నాయా లేవా చూడదు. అలా ఫలితం చూడకుండా నడిచేది ఓపెన్ లూప్, చూసి ఆపేదైతే ఫీడ్‌బ్యాక్. ఈ తేడా చెప్పడానికి బోర్డు కావాలా?

నల్లగొండ ఈఈఈ:
ఇరవై ఏళ్లుగా ఈ సబ్జెక్టు చెప్తున్నా. బ్లాక్ డయాగ్రమ్, లాప్లాస్ లెక్కలు లేకుండా చెప్పేవి కబుర్లు. పైగా మొదటి ఉదాహరణే తప్పు. ఫేజు పోతే స్టార్టర్ ఆపుతుంది కదా, ఓపెన్ లూప్ ఎలా అవుతుంది?

పాలమూరు పాలిటెక్నిక్:
నీళ్ల సంగతికి వస్తే ఓపెన్ లూపే సార్. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇస్తూ, ఆటో స్టార్టర్లు తీసేయమని తెలంగాణ ప్రభుత్వమే ఎందుకు అడిగింది? అవసరం లేకున్నా మోటారు నడుస్తుందనే.

దేవరకొండ రైతు:
మాకు రెండు మోటార్లు కాలినయ్. ఏ లూప్ అయినా వైండింగ్ ఖర్చు మాదే.

మిర్యాలగూడ మిల్లు:
ఫేజు పోతే ఆపేది కాపలా సార్, కంట్రోల్ కాదు. ఇంకో మాట. మా పాత జనరేటర్‌లో వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్ చెడినప్పుడు లోడ్ మారకున్నా చప్పుడు గుర్రున లేచేది, పడిపోయేది, మళ్లీ లేచేది. మెకానిక్ షెడ్డు బయట నిలబడే ‘హంటింగ్’ అన్నాడు. పెళ్లిలో మైకు కీచుమన్నా అంతే, స్పీకర్ శబ్దం తిరిగి మైకులోకే పోయి పెరుగుతది. ఇవి వింటేనే తెలుస్తయ్.

నల్లగొండ ఈఈఈ:
హంటింగ్ ఎందుకొస్తుందో మెకానిక్ చెప్పగలడా? వాట్ 1788లో ఆవిరి యంత్రానికి గవర్నర్ పెట్టాడు. అది ఎప్పుడు స్థిరంగా ఉంటుందో లెక్కగట్టి మాక్స్‌వెల్ 1868లో పేపర్ రాశాడు. శాస్త్రమంటే ఆ లెక్క.

పాలమూరు పాలిటెక్నిక్:
అంటే 80 ఏళ్లు ఆ లెక్క లేకుండానే నడిపారు కదా! నాకు పరీక్షల్లో ఈ సబ్జెక్టు మూడుసార్లు పోయింది సార్. రూట్ లోకస్ అనే గ్రాఫు గీయడం వచ్చేది. అందులో పోల్ అనే బిందువు నిలువు గీత దాటి కుడివైపుకు పోవడమంటే ఆ మైకు కూతలాగా పెరిగిపోవడమేనని ఎవరూ చెప్పలేదు. తెలుగు మీడియం వాణ్ణి, నవ్వుతారని అడగలేదు.

నల్లగొండ ఈఈఈ:
నా క్లాసులో ఎవర్నీ నవ్వనివ్వను. నా బాధ వేరు. ఎక్కడో విని వచ్చి ‘అర్థమైంది సార్’ అంటారు, ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ లెక్క ఇస్తే పెన్ను కదలదు. పోయినేడు సగం మంది క్లాసుకే రాలేదు. మీది వింటే చాలనుకుంటే మిగతా సగం కూడా రారు.

పాలమూరు పాలిటెక్నిక్:
అసలు సంగతి ఇదా సార్! నేను చేసేది మీ స్టూడెంట్ల కోసం కాదు, మా నాయన కోసం. నీళ్లు లేకుండా తిరిగితే మోటారు తక్కువ ఆంప్స్ ఎందుకు లాగుతుందో, అది చూసి ఆపే పెట్టె ఎందుకు కొనాలో ఆయనకు తెలియాలి.

దేవరకొండ రైతు:
నాక్కూడా గదే కావాలె.

నల్లగొండ ఈఈఈ:
అయితే కంట్రోల్ థియరీ అని పేరు పెట్టకండి. ఒకటి మాత్రం వదలొద్దు, ఆలస్యం. సాగర్ ఎడమ కాలువకు వదిలిన నీళ్లు చివరి పొలాలకు చేరాలంటే రోజులు పడుతుంది. రాలేదని ఇంకా వదిలితే అవసరం తీరాక వచ్చి పడతాయి. ఫీడ్‌బ్యాక్ ఉన్నా ఊగిసలాట వచ్చేది ఇందుకే. అది తప్పు చెప్తే ఊరుకోను.

పాలమూరు పాలిటెక్నిక్:
పేరు మార్చను సార్. కాలువ ఎపిసోడ్ మాత్రం ముందు మీకు పంపిస్తా.

మిర్యాలగూడ మిల్లు:
జనరేటర్ చప్పుడు నా ఫోన్లో ఉంది తమ్ముడూ, పంపుతా.