కారులో మరిచిపోయిన గిటార్, లేచిపోయిన బ్రిడ్జి: ఇంట్లోనే అతికించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

తీగలగోల (విజయవాడ)
పోయిన నెల పెళ్లికి వెళ్తూ గిటార్‌ను కారు వెనక సీట్లో పెట్టి మరిచిపోయాను. మే నెల, మిట్టమధ్యాహ్నం, ఎండలో నిలిపిన కారు. నాలుగు గంటల తర్వాత తలుపు తీస్తే సీటు బెల్టు కొక్కెం ముట్టుకోలేకపోయాను. గిటార్ మాత్రం చూడడానికి బాగానే ఉంది. మూడో రోజు శ్రుతి చేస్తుంటే ‘టిక్’ మని చప్పుడైంది. చూస్తే బ్రిడ్జి, అంటే తీగల కింది కొసలు పట్టి ఉంచే చెక్క, దాని వెనక అంచు గిటార్ పైపలక నుంచి విడిపోయి ఉంది. ఆ సందులో పాత బస్సు టికెట్టు దూరిస్తే దాదాపు సెంటీమీటరు లోపలికి వెళ్లింది.

ఇక్కడ ఒక దుకాణంలో అడిగితే ‘రెండు బోల్టులు బిగించి ఇస్తాను, జన్మలో కదలదు’ అన్నారు. గిటార్ ఖరీదు 9,000 రూపాయలు. మా నాన్నగారు కొనిచ్చింది కాబట్టి పారేయలేను. ఏం చేయమంటారు?

పాతచెక్క (హైదరాబాద్)
ముందు తీగలన్నీ వదులు చేయండి. ఇది చదవడం ఆపి మరీ ఆ పని చేసి రండి.

ఉక్కు తీగల గిటార్‌లో ఆరు తీగలూ కలిసి బ్రిడ్జిని 70 కిలోలకు పైగా బలంతో లాగుతుంటాయి. పెద్దమనిషి ఒకరు దాన్ని పట్టుకుని వేలాడుతున్నట్టు అనుకోండి. అంచు విడిపోయాక ఆ భారమంతా మిగిలిన కాస్త జిగురు మీదే పడుతుంది. ఇంకో వారం అలాగే వాయిస్తే జిగురుతో పాటు పలక చెక్క కూడా పేళ్లు పేళ్లుగా ఊడి వస్తుంది. అప్పుడు పని పదింతలు.

బోల్టులు వద్దు. కొన్ని కంపెనీలు జిగురుకు తోడుగా బోల్టులు పెట్టే మాట నిజమే. కానీ జిగురు ఊడినదాన్ని బోల్టులతో కట్టేయడం వేరు. మా అన్నయ్య గిటార్‌కు అలాగే చేశారు. బ్రిడ్జి కదలలేదు, దాని ముందున్న పలక గుంటపడి చీలింది.

సందేహాలరావు (గుంటూరు)
ఇంత హడావిడి ఎందుకండీ? నేను సందులో సూపర్ గ్లూ పోసి పైన రెండు ఇటుకలు పెట్టాను. రెండేళ్లయింది, ఇప్పటికీ వాయిస్తున్నాను.

పాతచెక్క
రావు గారూ, మీ అదృష్టం బాగుంది. నా దగ్గరికి వచ్చేవి అదృష్టం బాగాలేనివి. సూపర్ గ్లూ సందులోకి పూర్తిగా పాకదు, అంచుల్లోనే గట్టిపడుతుంది. తర్వాత మళ్లీ ఊడితే పాత జిగురును గీకలేక చెక్కనే గీకాల్సి వస్తుంది. తెల్ల జిగురుతో ఇంకో చిక్కు. అది ఆరినా కాస్త మెత్తగానే ఉంటుంది, భారం పడుతూనే ఉంటే సాగుతుంది. కుర్చీకి పనికొస్తుంది, బ్రిడ్జికి కాదు.

పసుపు రంగు వడ్రంగి జిగురు మంచిది. పాతకాలంలో పశువుల చర్మం నుంచి తీసిన జిగురు వాడేవారు, ఇప్పటికీ చేత్తో గిటార్లు చేసేవాళ్లలో చాలామందికి అదే ఇష్టం. ఈ రెండింటికీ వేడి తగిలితే పట్టు సడలుతుంది. మీ కారులో జరిగిందీ అదే, ఎండలో మూసిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటడం వింత కాదు. అయితే ఆ గుణం వల్లే రేపు ఇంకొకరు దాన్ని శుభ్రంగా విప్పి మళ్లీ అతికించగలరు.

వీణమెట్లు (విజయనగరం)
మీరు ‘విప్పగలగాలి’ అంటుంటే బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చూసింది గుర్తొచ్చింది. మా అమ్మమ్మగారి వీణకు మేళం (మెట్ల అమరిక) సరిచేయించడానికి వెళ్లాం. వీణ మెట్లు 24, అన్నీ మైనంలోనే నిలబడతాయి. అక్కడ వీణలు చేసే ఆయన మైనాన్ని వేడి చేసి, మెత్తబడగానే మెట్టును వేలి గోటితో వెంట్రుకవాసి జరిపి, తీగ మీటి విని, మళ్లీ జరిపారు. స్కేలు లేదు, కొలత లేదు. మధ్యాహ్నమంతా అదే పని. ఎండలో వీణను పెట్టకూడదని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ తిట్లు తిన్నవాళ్లమే, మైనం కరిగితే మెట్లన్నీ పక్కకు ఒరుగుతాయి.

గిటార్‌కు ఆ సదుపాయం లేదు కదా? ఫ్రెట్టు (గిటార్ మెట్టు) ఒకసారి దిగగొడితే అంతేనా?

పాతచెక్క
దాదాపు అంతే. గిటార్ ఫ్రెట్ల స్థానం చెవి కన్నా ముందు లెక్క చెబుతుంది. నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచి శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) దాకా 648 మిల్లీమీటర్లు అనుకోండి. దాన్ని 17.817తో భాగిస్తే 36.37, మొదటి ఫ్రెట్టు అక్కడ. మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే రెండోది. అలా వెళ్తే పన్నెండోది సరిగ్గా సగంలో, 324 దగ్గర పడుతుంది. అందుకే బ్రిడ్జి అతికించేటప్పుడు రెండు మిల్లీమీటర్లు జరిగినా పైఫ్రెట్లలో శ్రుతి నిలవదు.

తడిగాలి (విశాఖపట్నం)
మాకు ఎండ కన్నా తేమ శత్రువు. వర్షాకాలంలో పలక నీళ్లు తాగి బ్రిడ్జి వెనక ఉబ్బుతుంది, తీగలు ఎత్తు లేస్తాయి. మొదట్లో మెడ వంగిందనుకుని దాని లోపలి ట్రస్ రాడ్‌ను (మెడ వంపు సరిచేసే ఇనుప కడ్డీ) తిప్పుతూ పోయాను, కడ్డీ కొసనున్న మర అరిగిపోయింది. ఇప్పుడు తేమ చూపే చిన్న మీటరు పెట్టెలో పడేసి ఉంచుతాను. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటార్ మాట వింటుంది. రాడ్ తిప్పాల్సివస్తే ఒకసారికి పావు చుట్టు, అంతకు మించి వద్దు.

మంచుఊరు (మిషిగన్)
మాకు పూర్తిగా తిరగబడిన కథ. చలికాలంలో ఇంట్లో హీటరు నడుస్తుంటే గాలి ఎండిపోయి చెక్క కుంచించుకుపోతుంది. మెడ అంచుల్లో ఫ్రెట్ల కొనలు బయటికి పొడుచుకొచ్చి అరచేతిని గీస్తాయి. మా అబ్బాయి చేతికి గీతలు చూసి పిల్లి గీరిందనుకున్నాను! మాకు పిల్లే లేదు.

ఇంకో ముచ్చట. నా గిటార్ ప్రక్కపలకలు ఇండియా రోజ్‌వుడ్, అంటే మనం ఇరుగుడు అనే చెట్టు. 2017 జనవరి నుంచి ఆ జాతి చెక్కకు అంతర్జాతీయ వాణిజ్య అనుమతులు తప్పనిసరి చేశారు. 2019 నవంబరులో తయారైన వాద్యాలకు మినహాయింపు వచ్చాకే దాన్ని అమ్మడానికి ధైర్యం చేశాను, చివరికి అమ్మనూ లేదు.

తీగలగోల
తీగలు తీసేశాను. ఇక ఎలా విప్పాలో చెప్పండి.

పాతచెక్క
బ్రిడ్జి చుట్టూ పలకను దళసరి అట్టతో కప్పి, బ్రిడ్జి మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టెతో వేడి చేయండి, కాసేపు ఆగుతూ. పలచని అట్లకాడ అంచును బాగా నునుపు చేసి, అదీ వేడి చేసి వెనక నుంచి దూర్చండి. చెక్క గీతల వాలు ఎటుందో చూసి అటే పోవాలి, ఎదురు వెళ్తే పేళ్లు లేస్తాయి. తొందరపడితే పోయేది పలకే. నాకు మొదటిసారి గంటన్నర పట్టింది.

ఊడాక కింద చూడండి. చౌక గిటార్లలో చాలావాటికి బ్రిడ్జి కింద కూడా పాలిష్ అలాగే ఉంటుంది, జిగురు పట్టింది మధ్యలో కాస్త మేరే. బ్రిడ్జి ఆకారం లోపల ఆ పాలిష్‌ను పచ్చిచెక్క కనిపించేదాకా గీకండి. జిగురు పూయకుండా ఒకసారి బిగింపుతో (క్లాంప్) బిగించి చూసుకోండి. తర్వాత పలచగా జిగురు పూసి బిగించి, కారినదాన్ని తడిగుడ్డతో తుడిచేసి, రెండు రోజులు దాని జోలికి పోకండి. లోపలి వైపు బిగింపు కింద చిన్న చెక్కముక్క పెట్టడం మరవద్దు.

తీగలగోల
ఆదివారం చేశాను. పాతచెక్క గారు చెప్పినట్టే బ్రిడ్జి కింద ముప్పాతిక వంతు మెరుస్తున్న పాలిష్, మధ్యలో బొట్టుబిళ్లంత జిగురు! అన్నేళ్లు ఎలా నిలిచిందో. ఒక మూల పేడు లేచింది, దాన్ని అక్కడే అతికించాను. మా ఆవిడ అట్లకాడ మాత్రం ఇక దోసెలకు పనికిరాదు.

ఈరోజు తీగలు ఎక్కించాను. టికెట్టు కాదు కదా, పేపరు కూడా దూరడం లేదు. పన్నెండో ఫ్రెట్టు దగ్గర ఆరో తీగ ఎత్తు 2.5 మిల్లీమీటర్లు. ఒక్కటే మిగిలింది, నాలుగో తీగను వేలు పెట్టకుండా మీటితే జరజరమంటోంది. ఫ్రెట్టు మీద నొక్కితే లేదు.

తడిగాలి
అయితే నట్‌లో ఆ తీగ గాడి లోతు ఎక్కువై ఉంటుంది. గాడిలో సన్నటి కాగితం ముక్క పెట్టి మీటి చూడండి. చప్పుడు పోతే దొంగ దొరికినట్టే.